టెక్ సందేహాలు: పిక్సెల్ షిఫ్ట్ కెమెరా కోసం ఆగాలా?

పిక్సెల్ షిఫ్ట్ సదుపాయంతో రాబోతున్నదని చెప్పుకుంటున్న కొత్త ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్ము సైజు సెన్సర్ ఉండే) కెమెరా గురించి ఈసారి విశాఖపట్నం పాఠకులు ఎక్కువగా అడిగారు. వాటిలో నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడుగైంది. మిగిలినవి అర్థం కావడానికి కావలసిన వివరణ అందులోనే ఉంది.

ప్రశ్న: ద్వారకానగర్‌లో మాకు చిన్న స్టూడియో ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు, పొందూరు ఖద్దరు ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఫొటోలు తీసివ్వడం మా ప్రధాన వృత్తి. ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు కూడా ఒప్పుకుంటాం. ప్రస్తుతం 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా వాడుతున్నాం. దానిలో పిక్సెల్ షిఫ్ట్ లేదు. కొత్త మోడల్ వచ్చేదాకా ఆగమంటారా, ఇప్పుడు దొరికేదాన్ని కొనుక్కోమంటారా?

జవాబు: ముందుగా ఈ సదుపాయం ఏం చేస్తుందో చూద్దాం. కెమెరా సెన్సర్ మీద ఉండే ఒక్కో పిక్సెల్ ఒక్క రంగును మాత్రమే కొలుస్తుంది. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ లభించిన అమరిక ప్రకారం ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించి ఉంటాయి. ఏ పిక్సెల్‌కైనా తాను కొలవని మిగతా రెండు రంగులను పక్క పిక్సెళ్ల విలువలను బట్టి కెమెరా అంచనా వేసుకుంటుంది. ముఖాలకు, ఆకాశానికి, గోడలకు ఈ అంచనా చక్కగా సరిపోతుంది. సన్నని పడుగు పేకలు వరుసగా కనిపించే పొందూరు ఖద్దరు వంటి నేత దగ్గర మాత్రం అది దెబ్బతిని, బట్టలో లేని రంగుల చారలు ఫొటోలో ప్రత్యక్షమవుతాయి. వీటినే మోయిరే అంటారు. తెల్లటి పంచె మీద లేత గులాబీ, ఆకుపచ్చ అలలు కనిపించాయని కొనుగోలుదారు ఫిర్యాదు చేసిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

చేతి వణుకును సరిచేయడానికి నేటి చాలా కెమెరాలలో సెన్సర్‌ను అయస్కాంతాల సాయంతో కదిలించే యంత్రాంగం ఉంటుంది. పిక్సెల్ షిఫ్ట్ దానినే మరో పనికి వాడుకుంటుంది. ఒక ఫొటో తీసి, సెన్సర్‌ను కచ్చితంగా ఒక పిక్సెల్ మేర జరిపి మరొకటి తీస్తూ, అలా నాలుగు ఫొటోలు పూర్తిచేస్తుంది. ఆ జరుపు మీ కెమెరాలో ఉన్నటువంటి 24 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో అయితే సుమారు 6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 61 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో 3.76 మైక్రాన్లు మాత్రమే. నాలుగు ఫొటోలు ముగిసేసరికి దృశ్యంలోని ప్రతి బిందువు వద్ద ఎరుపు, నీలం ఒక్కోసారి, ఆకుపచ్చ రెండుసార్లు నిజంగా కొలిచినట్టవుతుంది. పక్కవాటిని చూసి రంగును ఊహించవలసిన అవసరం ఉండదు. నాలుగు ఫొటోల కాంతి కలుస్తుంది కాబట్టి నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) కూడా దాదాపు సగానికి తగ్గుతుంది. ఈ పద్ధతిలో మెగాపిక్సెళ్ల సంఖ్య పెరగదని గమనించండి.

సంఖ్య పెరిగేది రెండో పద్ధతిలో. అక్కడ సెన్సర్ అర పిక్సెల్ చొప్పున కూడా జరుగుతుంది. ముగ్గులో వరుస చుక్కల నడుమ సందు చుక్కలు పెట్టినట్టు, మొదటి కొలతల మధ్య ఖాళీలలో కొత్త కొలతలు వచ్చి చేరుతాయి. 2019లో వచ్చిన సోనీ ఏ7ఆర్ 4 ఇలా 16 ఫొటోలను కలిపి 61 మెగాపిక్సెళ్లను సుమారు 240 చేస్తుంది. 24.5 మెగాపిక్సెళ్ల నికాన్ జెడ్‌ఎఫ్ 16 లేదా 32 ఫొటోలతో 96 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని ఇస్తుంది.

ప్రకటనలు ఈ పెద్ద అంకెలనే ముందుకు తెస్తాయి. మీ పనికి మాత్రం నాలుగు ఫొటోల పద్ధతే అసలైన లాభమని నా అభిప్రాయం. ఆన్‌లైన్ క్యాటలాగులో బొమ్మను ఎలాగూ కొన్ని వేల పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తారు. 240 మెగాపిక్సెళ్లలో అధిక భాగం అక్కడ వృథా. మోయిరే చారలు అలా కాదు, చిత్రాన్ని ఎంత కుదించినా ఫైలులో మిగిలిపోతాయి. వాటిని మొదట్లోనే లేకుండా చేయడం, ఏటికొప్పాక బొమ్మల మీది సహజ రంగుల మధ్య సన్నని తేడాలను నిలబెట్టడం, ఈ రెండూ నాలుగు ఫొటోలతోనే సాధ్యం. లక్క మెరుపు మీద పడే లైటు మచ్చను ఏ పిక్సెల్ షిఫ్టూ తీసివేయదు. దానికి లైటు కోణం మార్చుకోవలసిందే.

పదహారు ఫొటోల పద్ధతికి ఇంకో అడ్డంకి కూడా ఉంది. బొమ్మ ముందు నుంచి వెనుక దాకా స్పష్టంగా రావాలని మీరు అపెర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11 దాకా మూసినప్పుడు, కాంతి స్వభావం వల్లనే ఒక్కో బిందువు సెన్సర్ మీద సుమారు 15 మైక్రాన్ల మచ్చగా పరచుకుంటుంది. అలాంటి మచ్చను 2 మైక్రాన్ల కంటే తక్కువ ఎడంతో పదహారుసార్లు కొలిచినా కొత్త వివరమేదీ బయటపడదు. ఎఫ్/5.6 దగ్గర ఉంటే లాభం కనిపిస్తుంది కానీ బొమ్మలో కొంత భాగమే ఫోకస్‌లో ఉంటుంది. పెట్టె మీద పెద్ద అంకె చూసి కొన్నవారు తరువాత నిరాశ పడడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇక ఆగడం గురించి. ఇది నిన్నమొన్నటి సాంకేతికత కాదు. పెంటాక్స్ కే-3 మార్క్ 2లో 2015లోనే వచ్చింది, మరుసటి ఏడాది ఫుల్‌ఫ్రేమ్ కే-1లోకి చేరింది. 2017లో సోనీ ఏ7ఆర్ 3, 2019లో పానాసోనిక్ ఎస్1ఆర్, 2023లో నికాన్ జెడ్‌ఎఫ్ దీన్ని అందించాయి. నికాన్ జెడ్8 యజమానులకు 2024లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ రూపంలో ఉచితంగానే దొరికింది. కాబట్టి కొత్త మోడల్‌లో ఈ పేరు ఉండడమే వార్త కాదు. ప్రచారంలో ఉన్న మెగాపిక్సెళ్ల అంకెలను పక్కన పెట్టి, అధికారిక ప్రకటన వెలువడిన రోజున మూడు సంగతులు వెతకండి: ఫొటోలను కెమెరాలోనే కలుపుతుందా లేక కంప్యూటర్ కావాలా, కలిపిన ఫలితం రా ఫైలుగా (మెరుగులు దిద్దని మూల ఫైలుగా) వస్తుందా, దృశ్యంలో కొద్దిపాటి కదలికను తట్టుకుంటుందా. సోనీ, నికాన్‌లలో ఫొటోలను కలపడానికి ఆయా సంస్థల ఉచిత సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. కదలిక విషయంలో సోనీ ఏ7ఆర్ 5 కొంత సర్దుబాటు చేస్తుంది. 2025లో వచ్చిన పానాసోనిక్ ఎస్1ఆర్ మార్క్ 2 ట్రైపాడ్ లేకుండా చేతితో పట్టుకున్నా 177 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. కొత్త కెమెరా ఈ దిశలో ఇంకో అడుగు వేస్తే మెచ్చుకోవచ్చు.

పెళ్లిళ్లకు మాత్రం దీనితో ఏ సంబంధమూ లేదు. తలంబ్రాలు పోసుకునే దంపతులను నాలుగు ఫొటోల సేపు కదలకుండా కూర్చోమనలేం. మీ ఆదాయంలో పెళ్లిళ్లది పెద్ద వాటా అయితే ఆటోఫోకస్‌నూ, తక్కువ వెలుతురులో పనితీరునూ చూసి కెమెరా ఎంచుకోండి. క్యాటలాగులే ప్రధానమైతే, మీ దగ్గర ఉన్న లెన్సులు సరిపోయే కంపెనీలో ఇప్పటికే ఈ సదుపాయమున్న బాడీ దొరుకుతున్నప్పుడు ఎదురుచూపు అనవసరం. కొత్తది విడుదలైన తరువాత ఇప్పటి మోడల్ ధర తగ్గవచ్చునన్న ఆశతో ఆగదలిస్తే ఆగండి, కానీ ఈలోగా ఒక మంచి మాక్రో లెన్సు, బరువైన ట్రైపాడ్ సమకూర్చుకోండి. అవి ఏ కెమెరాకైనా పనికొస్తాయి.

ప్రశ్న: గాజువాకలో హైవేకు దగ్గరగా ఉన్న భవనంలో రెండో అంతస్తు మాది. అద్దెకు తెచ్చిన కెమెరాతో పిక్సెల్ షిఫ్ట్ ప్రయత్నిస్తే, కలిపిన ఫొటోలో అంచుల వెంబడి జల్లెడ లాంటి గళ్లు, కొన్నిచోట్ల పలుచని అడ్డచారలు వచ్చాయి. కెమెరా లోపమేనా?

జవాబు: కెమెరాను అనుమానించే ముందు గదిని పరిశీలించండి. అంచుల దగ్గర గళ్లు వస్తే ఫొటోల మధ్య ఏదో కదిలిందని అర్థం. సెన్సర్ జరిగే దూరం మైక్రాన్లలో ఉన్నప్పుడు కింద లారీ వెళ్లినా, పక్కన మనిషి నడిచినా నేల కదలిక లెక్కలోకి వస్తుంది. ట్రైపాడ్‌ను గది మధ్యలో కాకుండా గోడకో స్తంభానికో దగ్గరగా నిలపండి, మధ్య కాడను పైకి లేపకండి, షట్టర్‌ను ఫోన్ యాప్‌తో గానీ టైమర్‌తో గానీ నొక్కండి. లారీల రద్దీ తగ్గే వేళ చూసుకోగలిగితే మరీ మంచిది. మన ఉక్కపోతలో చెప్పడానికి మనసొప్పదు గానీ, ఫొటో తీసే ఆ కొద్దిసేపు సీలింగ్ ఫ్యాను ఆపక తప్పదు. వేలాడదీసిన బట్ట ఫ్యాను గాలికి ఊగితే ఎంత ఖరీదైన కెమెరా అయినా చేతులెత్తేస్తుంది.

అడ్డచారలకు కారణం బహుశా మీ లైట్లు. ఈ పద్ధతిలో సాధారణంగా ఎలక్ట్రానిక్ షట్టర్ పనిచేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియని ఆ మినుకును సెన్సర్ వరుస వరుసగా చదివేటప్పుడు చారలుగా పట్టేస్తుంది. షట్టర్ వేగం సెకనులో 50వ వంతు లేదా 25వ వంతు ఉంచితే మినుకులు పూర్తి సంఖ్యలో పడి చారలు పోతాయి. ఓల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల ఫొటోకూ ఫొటోకూ వెలుగు మారుతుంటే మాత్రం బ్యాటరీతో నడిచే వీడియో లైట్లు వాడి చూడండి.

ప్రశ్న: మా కుటుంబంలో తరతరాలుగా వస్తున్న తాళపత్ర గ్రంథాలను డిజిటల్ రూపంలో భద్రపరచాలనుకుంటున్నాను. ఆకు పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు. సాధారణ కెమెరాతో తీసి ఏఐ సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేస్తే సరిపోతుందా, పిక్సెల్ షిఫ్ట్ కావాలా?

జవాబు: పెద్దది చేయడం సంగతి తరువాత, ముందు మీకు ఎంత స్పష్టత కావాలో లెక్క వేద్దాం. ఆకు ఫ్రేము వెడల్పంతా నిండేట్టు తీస్తే 24 మెగాపిక్సెళ్ల కెమెరా 40 సెంటీమీటర్లకు 6,000 పిక్సెళ్లు ఇస్తుంది, అంటే అంగుళానికి దాదాపు 380. అదే 61 మెగాపిక్సెళ్లలో అంగుళానికి 600 వరకు వస్తుంది. గంటంతో గీసిన అక్షరాలు చదవడానికి మొదటిదే చాలావరకు సరిపోతుంది. అంతకు మించి కావాలంటే ఆకును రెండు భాగాలుగా తీసి కలపడం ఒక మార్గం, పిక్సెల్ షిఫ్ట్ మరొకటి. తాళపత్రం కదలని వస్తువు, బల్ల మీద సమతలంగా పరచవచ్చు, లైటింగ్ పూర్తిగా మన చేతిలో ఉంటుంది. ఈ సాంకేతికతకు ఇంతకంటే అనువైన వస్తువు నాకు తోచదు.

ఏఐతో పెంచడాన్ని మాత్రం ఇక్కడ గట్టిగా వద్దంటాను. కెనాన్ ఆర్5కు 2023లో ఫర్మ్‌వేర్ ద్వారా 9 ఫొటోలను కలిపి 400 మెగాపిక్సెళ్ల జేపెగ్ ఇచ్చే సదుపాయం వచ్చింది. 2024 నాటి ఆర్5 మార్క్ 2లో ఆ సంస్థ దాన్ని తీసివేసి, ఉన్న ఫొటోనే న్యూరల్ నెట్‌వర్క్‌తో కెమెరాలో నాలుగింతలు చేసే ఏర్పాటు పెట్టింది. ప్రకృతి దృశ్యానికి, ఫ్లెక్సీకి అది బాగానే ఉండవచ్చు. ఆకు మీద చెరిగిపోయిన అక్షరం దగ్గర పరిస్థితి వేరు. పిక్సెల్ షిఫ్ట్ అక్కడ ఉన్నదాన్ని మరింత నిశితంగా కొలుస్తుంది, ఏఐ అక్కడ ఏముండవచ్చునో ఊహించి గీస్తుంది. సున్న ఉందో లేదో, ఒత్తు ఏదో తేల్చవలసిన చోట ఊహించి గీసిన గీత పండితుణ్ణి సైతం తప్పుదారి పట్టించగలదు. భద్రపరిచే మూల ఫైలు ఏ మెరుగులూ లేని రా ఫైలుగా ఉండాలి. గీతలు బాగా కనిపించడానికి లైటును ఒక పక్క నుంచి వాలుగా వేయండి. మెగాపిక్సెళ్ల కంటే ఈ ఒక్క మార్పు ఎక్కువ మేలు చేస్తుంది. పని ప్రారంభించే ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తాళపత్రాల సేకరణను చూసేవారిని ఒకసారి కలవండి, పెళుసుబారిన ఆకులను ఎలా పట్టుకోవాలో అనుభవం ఉన్నవారే చూపించాలి.

ప్రశ్న: భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, కైలాసగిరి మీది నుంచి నగరం, ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, ఇవే నా అభిరుచి. ఇలాంటి ఫొటోలకు పిక్సెల్ షిఫ్ట్ పనికొస్తుందా? నా పాత కెమెరాతో అలాంటి ఫలితం రాబట్టే మార్గమేదైనా ఉందా?

జవాబు: సముద్రానికి పనికిరాదు. అలలు నాలుగు ఫొటోలలోనూ నాలుగు చోట్ల ఉంటాయి. కైలాసగిరి నుంచి దూరపు భవనాలను తీసేటప్పుడు వేడి గాలి తెరలు తెరలుగా కదులుతూ గోడల అంచులను వణికిస్తుంది. తెల్లవారుజామున కొంత నయం. ఎర్రమట్టి దిబ్బలలో అవకాశం బాగుంది, ఆ కోతపడిన గోడల మట్టి ఛాయలను నాలుగు ఫొటోల పద్ధతి చక్కగా చూపుతుంది. సముద్రపు గాలికి పొదలు ఊగుతాయి కనుక అవి ఫ్రేములో తక్కువగా ఉండేట్టు చూసుకోవాలి.

పాత కెమెరాతోనూ దగ్గరి ఫలితం సాధించవచ్చు. ట్రైపాడ్ లేకుండా, వేగమైన షట్టర్‌తో వరుసగా పది పదిహేను ఫొటోలు తీయండి. సెన్సర్ చేయవలసిన జరుపును మీ చేతి సహజమైన వణుకే చేసి పెడుతుంది. ఫొటోషాప్‌లో అన్నింటినీ లేయర్లుగా తెరిచి, నిలువునా అడ్డంగా రెండింతలు చేసి, ఆటో అలైన్‌తో సరిపెట్టి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో సగటు తీసి, చివర కాస్త షార్పెన్ చేయండి. కదిలినవి ఎక్కువగా ఉంటే సగటుకు బదులు మీడియన్ ఎంచుకోండి. గూగుల్ 2018 నాటి పిక్సెల్ 3 ఫోనులో జూమ్‌ను మెరుగుపరచడానికి ఇదే సూత్రాన్ని వాడింది. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెడితే వణుకు దొరకదని లెన్సును కావాలనే కొద్దిగా కదిలించేది కూడా. మీ కంప్యూటర్‌లో ర్యామ్ 8 జీబీయే అయితే ఈ పద్ధతి నత్తనడక నడుస్తుంది. మొదట ఆరు ఫొటోలతో మొదలుపెట్టి చూడండి.