మందు వాడినన్నాళ్లే దగ్గు తగ్గుతోందా? పడకగది గోడ ఓసారి చూడండి

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. రెండేళ్లుగా ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాం. మా పాపకు ఆరేళ్లు. పోయిన వానల నుంచి రాత్రిళ్లు దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు. సిరప్ వాడితే వారం తగ్గుతుంది, మళ్లీ మొదలు. యాంటీబయాటిక్ నాలుగుసార్లు వాడాం. పడకగది గోడకు చెమ్మ, నల్లగా బూజు. ఓనర్ బెంగళూరులో ఉంటారు, ‘రంగు వేయిద్దాంలే’ అంటారు. అసోసియేషన్‌లో అడిగితే ‘మీరు అద్దెకున్నవాళ్లు, మీ ఓనర్‌ని మాట్లాడమనండి’ అంటారు. నీళ్ల ట్యాంకు కడిగి ఏడాది దాటింది, దానివల్లేమో అని కూడా అనుమానం. ఇది ఆస్తమానా? ఇన్‌హేలర్ అలవాటైతే మానలేమంటున్నారు, నిజమేనా? అన్నట్టు, సంక్రాంతికి ఉదయగిరి దగ్గర మా అమ్మవాళ్లింట్లో పది రోజులున్నాం. అక్కడ పాప ఒక్కరోజు కూడా దగ్గలేదు.

జవాబు: అమ్మా, మీరు చివర్లో ‘అన్నట్టు’ అని రాసిన ఆ రెండు ముక్కలే నాకు అన్నిటికంటే ముఖ్యం. మీరు పాపను తీసుకుని నా దగ్గరికి వచ్చినా నేను ముందు అడిగేది అదే, ఊరెళ్తే ఎలా ఉంటుందని. ఒకే పిల్ల, అవే మందులు, ఇల్లు మారితే దగ్గు లేదంటే చూపు ఇంటి మీదికి వెళ్లాల్సిందే. అయితే పండక్కి బడి ఉండదు కాబట్టి తోటి పిల్లల నుంచి అంటుకునే జలుబులు కూడా తగ్గి ఉంటాయి. అందుకే ఆ ఒక్కసారితో తేల్చేయను. నెల్లూరు తిరిగొచ్చిన ఎన్నో రోజుకు దగ్గు మొదలైందో గుర్తు తెచ్చుకోండి. ఈలోగా పాపను ఆ గదిలో పడుకోబెట్టకండి. రెండు వారాలు హాల్లో పడుకోబెట్టి, రాత్రి ఎన్నిసార్లు లేచిందో ఒక పాత నోటుపుస్తకంలో రాయండి.

వేరే జిల్లాల వాళ్లకు వానాకాలమంటే జూన్. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దానికి తోడు వాయుగుండాలు, తుపాన్లు. అప్పుడు నానిన గోడ ఎండలు ముదిరేదాకా ఆరదు. ఆ చెమ్మ మీద పట్టిన బూజు మనకు నల్లమచ్చలా కనిపిస్తుంది కానీ, అది గాల్లోకి వదిలే పొడి కంటికి ఆనదు. ఆస్తమా తత్వం ఉన్న పిల్లలు దాన్ని పీలిస్తే శ్వాసనాళాలు లోపల వాచి బిగుసుకుంటాయి. సన్నబడిన గొట్టంలోంచి గాలి పోయే చప్పుడే పిల్లికూత. ఈ వాపు మీద యాంటీబయాటిక్ పనిచేయదు. నాలుగు కోర్సులు వాడినా మళ్లీ మళ్లీ రావడంలో వింతేమీ లేదు.

ఆ మధ్య ఒక తల్లి ఫోన్‌లో ఫొటో చూపించింది. బీరువా పక్కకు జరిపితే వెనక గోడ మీద సరిగ్గా బీరువా అంత నల్లమచ్చ. సున్నం ఉబ్బి పెచ్చులు లేచి ఉంది, కింద తెల్లగా ఉప్పు రాలి ఉంది. పిల్లాడి మంచం అక్కడికి జానెడు దూరం! గది అంతా శుభ్రంగా తుడుస్తూనే ఉన్నారు, బీరువా వెనక్కి మాత్రం ఎవరూ చూడలేదు. మీరూ బీరువాను గోడకు జానెడు దూరం జరపండి, మంచాన్ని ఇంకా దూరంగా వేయండి. గోడకు ఆనించిన పరుపును ఎండలో వేయండి. తడిబట్టలు గదిలో ఆరేయకండి. దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా ఈ పిల్లలకు పడదు. దోమతెర కట్టుకోండి.

బూజును సబ్బునీళ్లతో తడిపి రుద్దాలి, పొడిగా గీకితే గదంతా ఎగురుతుంది. మాస్కు కట్టుకుని, కిటికీలు తీసి, పాప బడికి వెళ్లినప్పుడు చేయండి. బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తో ఎట్టిపరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇంత చేసినా నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలకపోతే బూజు మళ్లీ వస్తుంది. గోడకూ కేసు హిస్టరీ తీసుకోవాలన్నమాట. వానల్లో పెరిగి ఎండాకాలం ఆరిపోతే బయటి గోడ పగుళ్లో, మిద్దె కారడమో కావచ్చు. మే నెలలో కూడా తడిగానే ఉంటే పైఅంతస్తు బాత్రూమునో, పైపునో అనుమానించాలి. మీ ఓనర్ వేయిస్తానంటున్న రంగు ఈ రెంటిలో దేన్నీ ఆపదు. చెమ్మగోడ మీద రంగు వేస్తే ఆరు నెలల్లో అది కూడా ఉబ్బుతుంది.

ఇక ఇన్‌హేలర్. అలవాటు పడతారన్నది ఒట్టి భయం. ఆయాసం తగ్గించే సాల్‌బుటమాల్ సిరప్ మామూలుగా 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 2000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. సిరప్ కడుపులోకి వెళ్లి ఒళ్లంతా తిరుగుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. పఫ్ నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆరేళ్ల పాపకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) తప్పనిసరి, అది లేకుండా కొడితే సగానికి పైగా మందు గొంతులోనే ఉండిపోతుంది. రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్ అవసరమా, ఎన్నాళ్లు వాడాలి అన్నది పరీక్షించిన డాక్టరే చెప్పాలి. ఆరేళ్లకు చాలామంది పిల్లలు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, చేయగలరు. ఆస్తమానా కాదా అన్నది చూడకుండా నేను ఇక్కడ తేల్చను, అనుమానం మాత్రం గట్టిగానే ఉంది.

ట్యాంకుకూ దగ్గుకూ సంబంధం లేదు. కానీ మూత లేని, కడగని ట్యాంకు నీళ్ల విరేచనాలకు, పచ్చకామెర్లకు, డెంగీకి దారి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, అవి దోమలు కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం శుక్రవారం నిల్వ నీళ్లు పారబోసి ఆరబెట్టమని, ‘ఫ్రైడే డ్రైడే’ అని మున్సిపాలిటీ వాళ్లు చెప్పేది అందుకే. తాగేవి కాచి చల్లార్చుకోండి.

ఓనర్ సంగతి నా పరిధి కాదు, అయినా ఒక మాట. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా గాలికి పోతుంది. గోడ ఫొటోలు పెట్టి, తేదీ వేసి వాట్సాప్‌లోనో ఉత్తరంగానో రాయండి. మా పేషెంట్లలో ఒక లాయరుగారు చెప్పారు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 108 ఉందట. ఓనర్ చేయాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. 108 అంటే మాకు అంబులెన్సే గుర్తొస్తుంది! మీ అగ్రిమెంటులో రిపేర్లు ఎవరివని రాసుకున్నారో ముందు చూసి, లాయరును అడిగాకే ఆ దారి పట్టండి. పాపకు చెమ్మ పడటం లేదని మీ డాక్టరును ఒక లెటర్ అడగండి. నేనైతే అడిగినవాళ్లకు రాసిస్తాను. ‘రంగు వేయిద్దాంలే’ అన్న ఓనర్లు కొందరు దాన్ని చూసి ప్లంబర్‌ను పంపారు.

ఆ 108 మాత్రం ఎప్పుడు చేయాలో గుర్తుంచుకోండి. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, పఫ్‌లు ఇచ్చాక కూడా తగ్గకపోయినా తెల్లవారేదాకా ఆగకండి.

ఇవేవీ లేకపోతే రెండు వారాల తర్వాత పిల్లల డాక్టరు దగ్గరికో, ఛాతీ డాక్టరు దగ్గరికో వెళ్లండి. నోటుపుస్తకం, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, బీరువా జరిపాక తీసిన గోడ ఫొటో వెంట తీసుకెళ్లండి.

— పిల్లల వైద్యులు, నెల్లూరు