సెన్సిటివిటీ బెంచిలో కూర్చోబోతున్న మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా, ఆశీస్సులు.

మంచిర్యాల ల్యాబులో కల్చర్, సెన్సిటివిటీ పని, అంటే రోగి నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి దాని మీద ఏ మందు పనిచేస్తుందో చూసే పని, వచ్చే వారం నుంచి నీ చేతికి వస్తుందని అక్క ఫోనులో చెప్పింది. చదువులో నేర్చుకున్నదంతా మళ్లీ రాయను. ముందున్నది ఎండాకాలం గనుక ముఖ్యంగా ఇంక్యుబేటర్, అంటే బ్యాక్టీరియాను పెంచే వెచ్చని పెట్టె గురించే చెప్పదలచుకున్నాను.

మామూలు ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉంటే, దాన్ని 35కు పెట్టినా లోపల 35 ఉండదు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా, అంటే ఎంఆర్ఎస్ఏ, 35 దాటిన వేడిలో తన నిరోధకతను పూర్తిగా బయటపెట్టకపోవచ్చు. అప్పుడు మందు ఉన్న కాగితపు బిళ్ల, అంటే డిస్కు, చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, అంటే జోన్, పెద్దదిగా కనబడుతుంది, పనిచేయని మందును పనిచేస్తుందని మనమే రాసి ఇస్తాం. నేను పనిలో చేరిన కొత్తలో ఒక ల్యాబులో సరిగ్గా ఇదే చేశాను. మానని పుండు నుంచి తీసిన చీములో పెరిగిన స్టెఫైలోకాకస్‌కు మెథిసిలిన్ జాతి మందైన ఆక్సాసిలిన్ పనిచేస్తుందని సంతకం పెట్టాను. వారం తరువాత అదే రోగి నమూనా మళ్లీ వచ్చినప్పుడు, లోపలి థర్మామీటరు 38 చూపుతుండగా, నాకు కాళ్లలో వణుకు పుట్టింది.

అందుకని నీళ్ల సీసాలో ముంచిన థర్మామీటరును ఇంక్యుబేటర్ లోపల పెట్టి, పొద్దున, సాయంత్రం చూసి రాసిపెట్టు. ఏసీ గది గానీ, చల్లబరచే బీవోడీ ఇంక్యుబేటర్ గానీ కావాలని మీ పెద్దలను గట్టిగా అడుగు, మొహమాటపడకు. స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు మెథిసిలిన్ నిరోధకతను పట్టిచ్చే 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్కు వేసి 16 నుంచి 18 గంటల తరువాత జోన్ కొలువు. 21 మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఎంఆర్ఎస్ఏ, 22 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటే కాదు. మందుకు లొంగే ప్రమాణపు స్టెఫైలోకాకస్ రకం ఏటీసీసీ 25923 ఒక్కదాన్నే పరీక్ష సరిగా ఉందో చూసే కంట్రోలుగా పెట్టుకుంటే ఈ పొరపాటు దొరకదు. లొంగని ఏటీసీసీ 43300ను కూడా పక్కన పెట్టాలి, ఎందుకంటే వేడికి నిరోధకతను దాచేది అదే.

ఇక ప్లేటు మీద పూసే బ్యాక్టీరియా ద్రావణం. దాని మసకదనాన్ని 0.5 మెక్‌ఫార్లండ్ అనే ప్రమాణంతో పోల్చాలి. 0.5 మెక్‌ఫార్లండ్ అంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా. నల్ల గీతల కార్డు ముందు, మంచి వెలుతురులో, ప్రమాణపు గొట్టాన్ని బాగా కలిపి పక్కపక్కన పెట్టి పోల్చు. పలచగా ఉంటే జోన్ పెరిగి నిరోధకత దాగిపోతుంది, చిక్కగా ఉంటే మంచి మందు కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది. కలిపిన 15 నిమిషాల్లోపు స్వాబుతో ప్లేటు మీద పూయాలి. మధ్యలో ఎవరైనా పిలిచినా లేవకు. ప్లేటులోని జెల్లీ, అంటే అగార్, లోతు 4 మిల్లీమీటర్లు ఉండాలి. డిస్కుల డబ్బాను ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తెరవకు, గది వేడికి రానివ్వు, లేకపోతే తేమ చేరి మందు చెడుతుంది.

ఎరిత్రోమైసిన్ డిస్కు పక్కన క్లిండామైసిన్ అనే మరో మందు జోన్ ఒకవైపు చదునై డి అక్షరంలా కనబడితే క్లిండామైసిన్‌ను నిరోధకమనే రాయాలి. కొలిస్టిన్ అనే మందును మాత్రం అగార్ మీద డిస్కు పెట్టి పరీక్షించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకు. అది అగార్‌లో సరిగా వ్యాపించదు, మందును ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో పలచన చేసి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ లాంటి పద్ధతే కావాలి.

మొదటి వారం రెండు కంట్రోళ్ల జోన్ కొలతలు, ఇంక్యుబేటర్ వేడి రోజువారీగా రాసి నాకు పంపు. చూసి జవాబు రాస్తాను.

మీ మామయ్య