కొత్త ప్రాజెక్ట్ ఎందుకు, ఆ అప్‌లోడ్ బటన్‌నే సరిగ్గా చెయ్యి

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. జాబ్ పోర్టల్ ప్రాజెక్ట్ చేశా, అందులో ప్రొఫైల్ ఫొటో, రెజ్యూమే, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసే పేజీలు మూడున్నాయి, మూడింట్లోనూ ఒకే కోడ్ కాపీ పేస్ట్ చేశా. మాక్ ఇంటర్వ్యూలో దీన్ని రీయూజబుల్ కాంపొనెంట్‌గా, అంటే ఒకసారి రాసి ఎక్కడైనా వాడుకునే ముక్కగా, ఎందుకు చేయలేదని అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. ఇప్పుడు దీని మీద టైమ్ పెట్టాలా, లేక ఏదైనా లైబ్రరీ పెట్టేసి కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టాలా?

జవాబు: కొత్త ప్రాజెక్ట్ వద్దు తమ్ముడూ, ఉన్నదాన్నే పట్టుకో. టూడూ యాప్, వెదర్ యాప్, ఏదో ఒక సైట్‌కి క్లోన్, ఫ్రెషర్ల రెజ్యూమేలన్నీ వీటితోనే నిండిపోయి ఉంటాయి, చూసేవాళ్లు వాటి దగ్గర ఆగను కూడా ఆగరు. అదే నీ అప్‌లోడ్ కాంపొనెంట్ గురించి ఒక లైన్ ఉందనుకో, అడగడానికి వాళ్లకీ చెప్పడానికి నీకూ బోలెడు దొరుకుతుంది, ఎందుకంటే ఆ చిన్న బటన్ వెనకాల బ్రౌజర్, నెట్‌వర్క్, సర్వర్, స్టోరేజ్, సెక్యూరిటీ అన్నీ వరసగా తగులుతాయి. ఫారంలో నుంచి ఫైల్ పంపే పద్ధతి 1995లో ఆర్ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ టెక్నికల్ పత్రంగా వచ్చింది, ఇన్నేళ్లయినా జనం ఇప్పటికీ ఇందులో తప్పులు చేస్తూనే ఉన్నారు.

ముందు రీయూజబుల్ సంగతి. మూడు పేజీల కోడ్‌నీ ఒక ఫైల్లోకి తోసేసి, ప్రొఫైల్ అయితే ఇలా, రెజ్యూమే అయితే అలా అని ఇఫ్‌లు పెట్టుకుంటూ పోయావనుకో, అది ఒకే గదిలో మూడు కాపురాలు పెట్టినట్టు ఉంటుంది. కాంపొనెంట్‌కి అసలు తను ఏ పేజీలో ఉందో తెలియకూడదు. ఏ రకం ఫైల్స్, ఎంత సైజు వరకు, ఒకటా ఎక్కువా అన్నవి ప్రాప్స్‌గా, అంటే వాడే పేజీ ఇచ్చే సెట్టింగులుగా, బయట నుంచి రావాలి, ఎక్కడికి పంపాలన్నది కూడా బయట నుంచే ఒక ఫంక్షన్‌గా ఇవ్వు, దాన్ని పిలవడం వరకే దీని పని. ఫైల్ ఎంచుకున్నారు, ఇంత శాతం వెళ్లింది, అయిపోయింది, ఫెయిలైంది, క్యాన్సిల్ చేశారు, ఇవి మాత్రం తను బయటికి చెప్పాలి. అయిపోయాక మెసేజ్ చూపించాలా, వేరే పేజీకి వెళ్లాలా అన్నది పేజీ తలనొప్పి. ఆ ఇంటర్వ్యూలో వాళ్లు వినాలనుకున్నది ఇదే, ఏది లోపల పెట్టావు, ఏది బయట వదిలేశావు, ఎందుకు అని.

ఇక బ్రౌజర్ చేసే చిలిపి పనులు. రియాక్ట్ లైబ్రరీలో ఫైల్ ఇన్‌పుట్ ఎప్పుడూ అన్‌కంట్రోల్డే, అంటే దాని విలువ బ్రౌజర్ చేతిలోనే ఉంటుంది, కోడ్ నుంచి దాని వాల్యూని ఖాళీ చేయొచ్చు గానీ ఏదో ఒక ఫైల్ పాత్ పెట్టలేవు, పెట్టనిస్తే ఏ సైట్ అయినా మనకి తెలీకుండా మన ఫైల్స్ లాగేసుకునేది కదా. ఒక ఫైల్ తీసేసి మళ్లీ అదే ఫైల్ ఎంచుకుంటే చేంజ్ ఈవెంట్ రాదు, అందుకే ఎంచుకున్న ప్రతిసారీ వాల్యూ ఖాళీ చేయాలి. ఫైల్‌ని ఫార్మ్‌డేటాగా, అంటే ఫారం వివరాల మూటగా, పంపేటప్పుడు కంటెంట్ టైప్ హెడర్ నువ్వు రాయకు, రాస్తే ఒక్కో భాగం ఎక్కడ ఆగిందో చెప్పే బౌండరీ గుర్తు పోయి సర్వర్‌కి ఏమీ అర్థం కాదు, బ్రౌజర్‌నే పెట్టనివ్వు. ప్రోగ్రెస్ బార్ కావాలంటే రిక్వెస్ట్ పంపే ఫెచ్‌తో నేరుగా కుదరదు, అదే పని చేసే పాత ఎక్స్‌హెచ్‌ఆరే దిక్కు. అసలు ఇన్‌పుట్‌ని డిస్‌ప్లే నన్‌తో దాచేసి డ్రాగ్ అండ్ డ్రాప్ డబ్బా ఒక్కటే పెట్టే వాళ్లున్నారు, కీబోర్డ్‌తో పనిచేసుకునేవాళ్లకి అక్కడితో దారి మూసేసినట్టే.

అందరూ జారిపోయేది మాత్రం సర్వర్ దగ్గర. ఏ రకం ఫైల్స్ చూపించాలో ఇన్‌పుట్‌కి చెప్పే యాక్సెప్ట్ అట్రిబ్యూట్ పెట్టాను, పీడీఎఫ్ తప్ప ఏదీ రాదు సార్ అంటారు, అది యూజర్ సౌకర్యం కోసం పెట్టేదే, ఆపడానికి పనికిరాదు. బ్రౌజర్ చెప్పే ఫైల్ టైప్ కూడా చాలావరకు ఎక్స్‌టెన్షన్ చూసి చెప్పేదే, లోపల ఏముందో అది తెరిచి చూడదు. సర్వర్‌లో మొదటి బైట్లు చూడాలి, పీడీఎఫ్ అయితే మొదట్లో పర్సెంట్ గుర్తు పక్కన పీడీఎఫ్ అనే అక్షరాలుంటాయి, జేపెగ్ అయితే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది. అదొక్కటే సరిపోదనుకో, కానీ అదైనా చెయ్యి. యూజర్ ఇచ్చిన పేరుతో ఫైల్ సేవ్ చేయకు, నీ సొంత ర్యాండమ్ పేరు పెట్టు. ప్రొఫైల్ ఫొటోకి ఎస్‌వీజీ అసలు ఒప్పుకోకు, అందులో స్క్రిప్ట్ దాచొచ్చు.

ఇంకోటి, లోకల్‌లో బ్రహ్మాండంగా పనిచేసి డిప్లాయ్ చేశాక పడిపోయే కేసు. ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్‌లో రిక్వెస్ట్ బాడీ సైజ్‌కి డిఫాల్ట్ పరిమితి 1 ఎంబీ, స్ప్రింగ్ బూట్‌లో ఒక్కో ఫైల్‌కి 1 ఎంబీ, పీహెచ్‌పీలో 2 ఎంబీ, నువ్వు స్క్రీన్ మీద 5 ఎంబీ వరకు ఓకే అని రాసుకుంటే ఏం లాభం, మధ్యలోనే ఆగిపోతుంది, ఎన్‌జిన్ఎక్స్ అయితే 413, అంటే సైజు ఎక్కువైందనే ఎర్రర్, ఇస్తుంది, పైగా ఫ్రంటెండ్ వేరే డొమైన్‌లో ఉంటే ఆ 413 కన్సోల్‌లో చాలాసార్లు కార్స్ ఎర్రర్‌లా, అంటే వేరే డొమైన్ జవాబుని బ్రౌజర్ చదవనివ్వనట్టు, కనబడుతుంది, జనం రోజంతా కార్స్ సెట్టింగులు మారుస్తూ కూర్చుంటారు. ఇలాంటిది నువ్వే పట్టుకుని చెప్పావంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు కచ్చితంగా తల ఎత్తి చూస్తారు.

లైబ్రరీ అడిగావు. అప్పీ, ఫైల్‌పాండ్, డ్రాప్‌జోన్ అన్నీ మంచివే, కంపెనీల్లో ఇలాంటివి వాడతారు కూడా, అందులో తప్పేం లేదు. నా మాటేంటంటే ముందు నీదే రాయి, తర్వాత లోపల దాన్ని తీసేసి ఫైల్‌పాండ్ పెట్టి చూడు, మూడు పేజీల్లో ఒక్క లైన్ కూడా మార్చకుండా పనిచేస్తే నీ ప్రాప్స్ సరిగ్గా కుదిరినట్టు, మార్చాల్సి వస్తే ఎక్కడ లీకైందో అక్కడే తెలిసిపోతుంది. చంకులుగా, అంటే ముక్కలుగా పంపడం, ఆగిన చోట నుంచి మళ్లీ మొదలెట్టడం, దానికోసం వాడే టస్ ప్రోటోకాల్, ఇవన్నీ పెద్ద వీడియోల కథ, రెజ్యూమే పీడీఎఫ్‌కి అక్కర్లేదు, ఎందుకు అక్కర్లేదో చెప్పగలిగితే చాలు. టైమ్ మిగిలితే ప్రీసైన్డ్ యూఆర్ఎల్‌తో, అంటే సర్వర్ ముందే అనుమతి ఇచ్చిన తాత్కాలిక లింక్‌తో, ఫైల్‌ని నేరుగా అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3కి పంపడం నేర్చుకో, పంపే ఫంక్షన్ బయట పెట్టావు కాబట్టి కాంపొనెంట్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఒకవేళ టెస్టింగ్ జాబులకి అప్లై చేస్తున్నా ఇదే పనికొస్తుంది, సున్నా బైట్ల ఫైల్, తెలుగు పేరున్న ఫైల్, మధ్యలో నెట్ పోవడం, రెండుసార్లు క్లిక్ చేయడం, ఇవన్నీ రాసి పెట్టుకో.

రెజ్యూమేలో "ఫైల్ అప్‌లోడ్ చేశాను" అని రాస్తే ఎవడూ చదవడు. "మూడు స్క్రీన్లలో వాడే ఒకే అప్‌లోడ్ కాంపొనెంట్, ప్రోగ్రెస్, క్యాన్సిల్, సర్వర్‌లో ఫైల్ టైప్ చెక్" అని రాయి, వాటిలో నిజంగా చేసినవి మాత్రమే. డెమో లింక్ ఇస్తే మాత్రం లాగిన్ పెట్టు, వచ్చిన ఫైల్స్ రోజూ డిలీట్ అయిపోయేలా చూసుకో, ఓపెన్‌గా వదిలేస్తే ఎవరు ఏం తెచ్చి పడేస్తారో చెప్పలేం.