మంచె మీద మొదటి బాణం

ప్రశ్న: అన్నగారూ, నేను విస్కాన్సిన్‌లోని యాపిల్టన్‌లో ఉంటాను, హెచ్-1బీ మీద. ఆఫీసులో తోటివాళ్లతో ఈ ఏడాది జింకల వేటకు వెళ్దామనుకుంటున్నాను. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తయింది. కాంపౌండ్ విల్లు (చివర్లలో కప్పీలు ఉండేది) కొన్నాను. రైఫిల్ ఒక మిత్రుడిది. రేంజిలో బల్ల మీద ఆనించి కొడితే 100 గజాల్లో బాగానే తగులుతోంది గానీ, కూర్చున్నా నిలబడినా ఎటో పోతోంది. ట్రిగర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోతున్నాయి. విల్లు సీజన్‌కి ఇంక రెండు నెలలే. ఒకటే టెన్షన్. సాధన ఎలా చేయాలి?

జవాబు: గురి సంగతి తర్వాత, ముందు ఆ రైఫిల్ సంగతి చూద్దాం. కోర్సు సర్టిఫికెట్ వేరు, వేట లైసెన్సు వేరు. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదన్నది అమెరికా ఫెడరల్ చట్టం. దానికున్న మినహాయింపుల్లో మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఒకటుంది: ఇక్కడి రాష్ట్రం ఏదైనా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. మిత్రుడిదంటే కుదరదు, రేంజిలో పట్టుకున్నా పట్టుకున్నట్టే. లైసెన్సు ఇంకా తీసుకోకపోతే ఇవాళే తీసుకోండి, అప్పటిదాకా రైఫిల్ ముట్టుకోకండి. విస్కాన్సిన్‌లో లైసెన్సు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ఆ రాత్రి రైఫిల్ మీ అలమరాలో ఉండి, కొత్త లైసెన్సు లేకపోతే తెల్లారేసరికి చిక్కుల్లో ఉంటారు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా మా ఇంటి క్యాలెండర్‌లో మార్చి నెల మీద ఎర్ర గీత ఉండేది. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒక మాట అడగండి. విల్లుకు ఈ గొడవ లేదు, చట్టం దాన్ని తుపాకిగా లెక్కపెట్టదు. వేటకు మాత్రం దానికీ లైసెన్సు ఉండాల్సిందే.

ఇక సాధన. సెప్టెంబరు మధ్యలో మొదలయ్యేది విల్లు సీజనే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. నా మొదటి ఏడాది ముచ్చట చెబుతాను. ఆ వేసవంతా టీషర్టు వేసుకుని, పెరట్లో నిలబడి, రోజుకి అరవై బాణాలు వేశాను. 20 గజాల్లో అన్నీ గుప్పెడంత చోటులో పడేవి. మన విజయవాడ జ్యోతి సురేఖ కూడా కాంపౌండ్ విల్లు వీరురాలే కదా, వాళ్ల పోటీ దూరం 50 మీటర్లు. ఆ లెక్కన 20 గజాలు ఏపాటి అనుకున్నాను. నవంబరు మొదట్లో ఒక పొద్దున మంచె మీద కూర్చున్నాను, లావుపాటి కోటు తొడుక్కుని. జింక 18 గజాల్లోకి వచ్చింది. నారి వదిలాను. అది కోటు చేతిని రాసుకుంటూ పోయింది, బాణం వెళ్లి మట్టిలో దిగింది. జింక ఒకసారి అటూ ఇటూ చూసి తాపీగా నడిచి వెళ్లిపోయింది.

అందుకే ఏ కోటుతో వేటకు వెళ్తారో ఆ కోటు వేసుకునే సాధన చేయండి, ఉడికిపోయినా సరే. కోటు చేతికి పట్టీ కట్టండి. కుర్చీలో కూర్చుని వేయండి. ఎత్తు మీంచి వేసేటప్పుడు చేతులు దించకుండా నడుము దగ్గర వంగాలి. ఇది నేల మీద నిలబడి నేర్చుకుంటే రాదు. విల్లును ఆకాశానికి ఎత్తి లాగాల్సి వస్తోందంటే నారి లాగే బరువు మీకు ఎక్కువైనట్టు. జింకకు ఇక్కడ కనీసం 30 పౌండ్ల విల్లు ఉండాలి. మీకు 45 హాయిగా వస్తే 60 కోసం పంతానికి పోకండి.

అరవై బాణాల పిచ్చి కూడా మానండి. అలిసిన చేయి తప్పుడు అలవాట్లు నేర్చుకుంటుంది. నేనిప్పుడు పొద్దున్నే కాఫీకి ముందు ఒకే ఒక్క బాణం వేసి, ఎక్కడ పడిందో పుస్తకంలో రాసుకుంటాను. అడవిలో దొరికేది ఆ మొదటిదే కదా. సీజన్‌కి రెండు వారాల ముందు వేట ములుకులు బిగించి చూడండి. సాధన ములుకులతో సమాన బరువే అయినా అవి ఒక్కోసారి వేరే చోట పడతాయి. వేసే ముందు ప్రతి కార్బన్ బాణాన్నీ కాస్త వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటపటమంటే విరిచి పారేయండి. బాణం లేకుండా నారి మాత్రం ఎప్పుడూ వదలకండి, విల్లు ముక్కలైపోవచ్చు.

రైఫిల్ సంగతి దీనికి తలకిందులు. ఖాళీ తుపాకి ట్రిగర్ నొక్కడమే మీ కళ్లు మూసుకుపోయే జబ్బుకి మందు. తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీయేనా అని రెండుసార్లు చూసుకుని, రోజుకు పది నిమిషాలు నొక్కండి. సెంటర్‌ఫైర్ రైఫిళ్లలో (తూటా అడుగున నడిమధ్యన సూది తగిలి పేలేవి) చాలావాటికి దీనివల్ల నష్టం లేదు, అయినా మాన్యువల్ చూడండి. రేంజిలో మీ మిత్రుణ్ణి, మీకు తెలియకుండా మధ్యమధ్యలో డమ్మీ తూటా పెట్టమనండి. అది పేలనప్పుడు గొట్టం ఎలా ఉలిక్కిపడుతుందో మీ కళ్లతోనే చూస్తారు. నాకైతే సిగ్గేసింది. చెవులకు లోపల ప్లగ్గులు, పైన మఫ్లు, రెండూ పెట్టుకోండి. సగం బెదురు చప్పుడు వల్లే.

స్కోప్, అంటే రైఫిల్ మీది గురి దుర్బిణి గురించి ఒక్క మాట. దాని మర తిప్పితే ఒక్కో మెట్టుకీ ఒక క్లిక్కు వినిపిస్తుంది. 100 గజాల్లో ఒక క్లిక్కు పావు అంగుళం జరిపే స్కోప్, 25 గజాల్లో అందులో నాలుగో వంతే జరుపుతుంది. అక్కడ అంగుళం సరిచేయాలంటే 16 క్లిక్కులు తిప్పాలి. ఇది తెలియక నేను ఒక పెట్టె తూటాలు తగలేశాను. ఏ తూటాతో గురి సరిచేశారో ఆ తూటాతోనే వేటకు వెళ్లండి.

గురి కుదిరాక బల్లకు దణ్ణం పెట్టి లేవండి. ఎనిమిది, తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు అతికించండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే. కూర్చుని, మోకాలి మీద, కర్ర ఆసరాతో, ఒక్కో భంగిమలో అయిదేసి వేయండి. అయిదూ ప్లేటులో పడే దూరమే మీ దూరం. నిలబడి నాది 60 గజాలే, ఇన్నేళ్లయినా. పక్కవాడు 200 గజాల్లో కొట్టానంటే చప్పట్లు కొట్టండి, అంతే.

నవంబరులో తుపాకి సీజన్ తొమ్మిది రోజులూ, చేతిలో విల్లే ఉన్నా, నడుము పైన వేసుకునే బట్టల్లో సగమైనా మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ఉండాలి. ఆ జాకెట్‌తో కూడా ఓసారి భుజానికి ఆనించి చూసుకోండి. మంచె ఎక్కేటప్పుడు ఒంటికి హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీలు) కట్టుకోవాలి. తుపాకిని ఖాళీ చేసి, మీరు ఎక్కాక తాడుతో పైకి లాక్కోవాలి. కోర్సులో చెప్పే ఉంటారు, అయినా మళ్లీ చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో విల్లుతో వేట నేర్చుకున్నాడు. సంక్రాంతికి మా ఊరు వస్తాడు. చేలో అడవి పందుల బెడద చాలా ఉంది. రెండు కొట్టి పెడతానంటున్నాడు, పంపమంటారా? (ఒక తల్లి, ప్రకాశం జిల్లా)

జవాబు: వద్దమ్మా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారుల అనుమతి లేకుండా కొడితే కేసు అవుతుంది. తుపాకి కాదు, బాణమే అన్నా ఒప్పుకోరు. పంట నష్టమైతే ఫొటోలు తీసి అటవీశాఖ వాళ్లకు అర్జీ పెట్టండి. అబ్బాయికి చేయి దురదగా ఉంటే విజయవాడలో విలువిద్య నేర్పే చోట్లున్నాయి. గడ్డి లక్ష్యం మీద ఎన్ని బాణాలు వేసుకున్నా ఎవరూ అడగరు.