జీతంలో కోసిన పైసలు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: మున్సిపాలిటీల అవుట్‌సోర్సింగ్ మీద పారిశుధ్య పని చేస్తున్న. జీతం రూ.15,600. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) అని నెలకు రూ.624 కోస్తున్నరు. అడిగితే 'అందరికీ అంతే' అంటున్నరు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: కాదమ్మా. ఈఎస్ఐ మొత్తం 4 శాతం. అందులో కార్మికుల వాటా 0.75, యజమాని వాటా 3.25. 2019 జూలై నుంచి ఇవే రేట్లు. మీ జీతం మీద లెక్క కడితే మీ వాటా రూ.117, ఏజెన్సీ వాటా రూ.507. రెండూ కలిపితే సరిగ్గా 624. అంటే ఏజెన్సీ తన వాటా కూడా మీ దగ్గరే గుంజుతోంది. యజమాని వాటాను కార్మికుల నుంచి వసూలు చేయడం చట్టవిరుద్ధం. పైగా చాలాచోట్ల అదే 507ను మున్సిపాలిటీకి పెట్టే బిల్లులోనూ చూపి తీసుకుంటారు. ఏజెన్సీ బిల్లుల నకలు ఆర్టీఐ కింద అడగండి. రెండు చోట్లా తీసుకుంటే అందులోనే బయటపడుతుంది.

కోత ఒక ఎత్తు, ఆ డబ్బు జమ కావడం ఇంకో ఎత్తు. ఏ నెల వాటా అయినా మరుసటి నెల 15 లోపు కట్టాలి. మీ పది అంకెల ఇన్సూరెన్స్ నంబర్‌తో ఈఎస్ఐసీ పోర్టల్‌లోకి వెళ్తే నెలవారీగా ఎన్ని రోజులకు, ఎంత జీతం మీద కట్టారో కనిపిస్తుంది. చూడాల్సింది ముఖ్యంగా రోజుల గడి. ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి, ఇలా ఆరేసి నెలలు ఒక విడత. ఒక విడతలో కనీసం 78 రోజులకు వాటా జమైతేనే జబ్బు చేసి ఇంట్లో ఉన్న రోజులకు 70 శాతం జీతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. నెలకు 26 రోజులు వేస్తే మూడు నెలలకే 78 నిండుతాయి. ఏజెన్సీ నాలుగు నెలలు సున్నా వేసిందా, మీరు ఆరు నెలలూ చీపురు పట్టినా ఆ డబ్బు రాదు.

టెండర్ మారి కొత్త ఏజెన్సీ వచ్చినప్పుడు పాత నంబరే రాయించండి. తొందరలో కొత్త నంబర్ పుట్టిస్తే మీ రోజులు రెండు ముక్కలై ఎటూ 78 నిండవు. ఏజెన్సీ ఎగ్గొట్టిన వాటాకు అసలు యజమానిగా మున్సిపాలిటీ కూడా బాధ్యురాలే. కాబట్టి ఫిర్యాదు కాగితం ఒకటి కమిషనర్‌కు, ఒకటి ఈఎస్ఐ కార్పొరేషన్‌కు ఇచ్చి, ముద్ర వేసిన రశీదు దాచుకోండి.

ప్రశ్న: ఆగస్టులో నా జీతం రూ.19,500 నుంచి రూ.22,750 అయింది. ఈఎస్ఐ ఉంటుందా?
– కంప్యూటర్ ఆపరేటర్, వనపర్తి

జవాబు: పరిమితి రూ.21,000. మధ్యలో దాటారు కాబట్టి సెప్టెంబర్ ఆఖరు వరకు కొత్త జీతం మీదే కోత ఉంటుంది, నెలకు రూ.171. అక్టోబర్ నుంచి కోత ఉండదు. అయితే ఆ విడతలో కట్టిన వాటాకు వైద్యం వచ్చే జూన్ దాకా అందుతుంది. ఆ గడువులోగా సొంత పాలసీ తీసుకోవడం మేలు. ముందు నుంచీ ఉన్న షుగర్, బీపీ లాంటివాటికి బీమా కంపెనీలు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. ఆ లెక్క పాలసీ మొదలైన రోజు నుంచే నడుస్తుంది.

ప్రశ్న: తపాలా శాఖలో పని చేస్తున్నాను. నల్లగొండలో ఉన్నన్నాళ్లూ కోత లేదు. హైదరాబాద్ బదిలీ అయ్యాక సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం) కింద రూ.450 పట్టుకుంటున్నారు. కేంద్ర ఉద్యోగి అయిన నా భార్యకూ కోస్తున్నారు. ఉన్నది ఇద్దరమే, ఇంతెందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: నల్లగొండ సీజీహెచ్ఎస్ పరిధిలో లేదు. అక్కడ మీకు వర్తించినవి సీఎస్ఎంఏ (కేంద్ర ఉద్యోగుల వైద్య ఖర్చుల) నిబంధనలు: నెలనెలా వాటా ఉండదు, ఖర్చు పెట్టుకుని బిల్లు పెట్టాలి. సీజీహెచ్ఎస్‌లో ఇంట్లో ఎందరున్నారన్నది చూడరు, పే లెవెల్ చూస్తారు. 1–5 లెవెల్స్‌కు రూ.250, ఆరుకు రూ.450, 7–11కు రూ.650, ఆపైన రూ.1,000. మిగతా ఖర్చు కేంద్రానిది.

భార్యాభర్తలిద్దరూ కేంద్ర ఉద్యోగులైతే జీతం ఎక్కువున్నవారి పేరున ఒక్క కార్డు, ఒక్క కోత చాలు. కార్డు నకలు, ఉమ్మడి డిక్లరేషన్ రెండో వారి ఆఫీసులో డీడీఓకు (జీతాల బిల్లు చేసే అధికారికి) ఇచ్చి కోత ఆపించుకోండి. డీడీఓకు చెప్పకుండా దానంతటదే ఆగదు.

రిటైరయ్యాక నల్లగొండ తిరిగి వచ్చే ఆలోచన ఉంటే ఇంకొకటి. పదేళ్ల వాటా ఒకేసారి కడితే జీవితాంతం కార్డు ఉంటుంది. మీ లెవెల్‌కు రూ.54,000. మందుల కోసం ప్రతిసారీ హైదరాబాద్ పోలేమనుకుంటే, ఓపీ వైద్యానికి నెలకు రూ.1,000 మెడికల్ అలవెన్స్ తీసుకుని, ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినప్పటికి మాత్రం కార్డు ఉంచుకోవచ్చు. పింఛను కాగితాలు నింపేటప్పుడే ఆ ఐచ్ఛికం రాసివ్వాలి.