క్రైస్తవ కుటుంబంగా మెక్సికో పల్లెలకు సేవకు వెళ్ళడం నిజంగా ఉపయోగమేనా?

మీ ప్రశ్నలో మూడు సందేహాలున్నాయి. మీ చర్చివాళ్ళు డిసెంబరు సెలవుల్లో మెక్సికో పల్లెల్లో పేదలకు ఇళ్ళు కట్టడానికి కుటుంబాలను పిలుస్తున్నారు. వెళ్తే ఎవరికైనా మేలు జరుగుతుందా, ఫొటోలకేనా అన్నది ఒకటి. తొమ్మిదేళ్ళ పాపను తీసుకెళ్ళవచ్చా అన్నది రెండోది. బట్టలు, బొమ్మలు ఎలాంటివి పోగుచేయాలన్నది మూడోది. చివరిదానికి ముందు జవాబు చెబుతాను. బట్టలు పోగుచేయకండి.

మేము ఒంగోలు వైపు వాళ్ళం. శాన్ డియేగోలో ఉంటున్నాం. నేను నర్సును, మావారు సాఫ్ట్‌వేర్. 2013 నుంచి, కోవిడ్ రోజులు తప్ప, ఏడాదికి రెండు మూడుసార్లు చర్చి బృందంతో మెక్సికో రాష్ట్రమైన బాహా కాలిఫోర్నియాలోని శాన్ కింతీన్ లోయకు వెళ్తున్నాం. సరిహద్దు దాటి తిహువానా, ఎన్సెనాదా మీదుగా దక్షిణానికి దాదాపు 300 కిలోమీటర్లు. కుడివైపు పసిఫిక్ సముద్రం, ఎడమవైపు బోడి కొండలు, మధ్యలో మైళ్ళ కొద్దీ తెల్లటి ప్లాస్టిక్ కప్పిన తోటలు. స్ట్రాబెర్రీ, టమాటా. పంటలో చాలా భాగం అమెరికా దుకాణాలకే వస్తుంది. కోసేవాళ్ళు మాత్రం అక్కడివాళ్ళు కారు. దేశం అవతలి కొసనున్న ఒహాకా, గెరేరో రాష్ట్రాల నుంచి వచ్చిన మిష్‌తెక్, త్రికి ఆదివాసులు. కర్నూలు నుంచి గుంటూరు మిరప కోతలకు వచ్చే కూలీలు తిరిగి ఇంటికి పోకుండా ఆ చేల పక్కనే గుడిసెలు వేసుకుని ఉండిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదే శాన్ కింతీన్.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా బండి నిండా పాత బట్టల సంచులే. నల్లటి ప్లాస్టిక్ సంచులు పదకొండు. వాడిన బట్టలు ఎక్కువ మొత్తంలో తీసుకెళ్తే మెక్సికో కస్టమ్స్ వాళ్ళు ఆపుతారని కూడా మాకు తెలియదు. ఆ రోజు ఎవరూ ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేది. సాయంత్రం చర్చి ముందు ట్రక్కు వెనక తలుపు తెరిచి పంచడం మొదలుపెట్టాం. బొమ్మలు ముప్పై, పిల్లలు డెబ్బై మంది. లైను పావుగంటలో గుంపయింది. ఒక బాబుకు ఒక చెయ్యి లేని బొమ్మ వచ్చింది. వాడు ఏడవలేదు. పట్టుకుని కాసేపు నిలబడి, మా పాపకే తిరిగి ఇచ్చి వెళ్ళిపోయాడు. అక్కడి పాస్టరు గారి భార్య మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వంటింట్లోకి పిలిచి కాఫీ ఇచ్చి, "వచ్చేసారి తెచ్చేముందు నాకు ఫోను చేయండి ఎర్మానా" అంది. ఎర్మానా అంటే సోదరి. మన చర్చిల్లో సిస్టర్ అంటామే, అచ్చంగా అలాగే.

రెండో తప్పు ఇల్లు. ఈ బృందాలు కట్టే ఇళ్ళు చిన్నవి. సిమెంటు పలక మీద కలప చట్రం, రెండు గదులు. నలుగురు పెద్దవాళ్ళు, పదిమంది కుర్రవాళ్ళు ఉంటే మూడు నాలుగు రోజుల్లో పైకప్పు దాకా పని అయిపోతుంది. తోటల్లో వాడి పారేసిన ప్లాస్టిక్ పట్టాలు, అట్టలు కట్టుకుని, సముద్రపు పొగమంచులో వణికే కుటుంబానికి అది మామూలు విషయం కాదు. మేము కట్టిన మొదటి ఇంట్లో లోపలే చక్కగా వంటగది పెట్టి, గ్యాస్ పొయ్యి కొనిచ్చి, గోడకు పసుపు రంగు వేసి వచ్చాం. ఆరు నెలల తర్వాత వెళ్ళి చూస్తే పొయ్యి మీద గుడ్డ కప్పి, దాని మీద మొక్కజొన్న బస్తా పెట్టి ఉంది. ఆ ఇల్లాలి వంట బయట కట్టెల మీదే. గ్యాస్ బండకు డబ్బులు కావాలి కదా! పైగా రొట్టెలు కాల్చే పెద్ద పెనం ఆ పొయ్యి మీద కూర్చోదు. మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. ఉచితంగా ఇల్లు కట్టిస్తున్నవాళ్ళతో వంటగది వద్దని ఎవరంటారు?

ఆమెకు కావలసింది నీళ్ళు. అది తెలియడానికి మాకు మూడో ప్రయాణం దాకా పట్టింది. ఆ లోయలో భూగర్భ జలాలను తోటలు తోడేసి, బావుల్లోకి ఉప్పునీరు వచ్చేసింది. కూలీల కాలనీలకు పీపా అనే ట్యాంకరు వస్తుంది. అది ఏ రోజు వస్తుందో ఎవరికీ తెలియదు. హారను వినబడగానే ఆడవాళ్ళు వాకిట్లోకి పరుగెత్తాలి. ఆమె వాకిట్లో రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములు మూడు ఉండేవి. వాటిలో ఒకటి పురుగుమందుదేనని లేబులు చూసి నేను గుర్తుపట్టాను. నర్సును కనుక ఊరుకోలేక గొడవ చేశాను. ఆమె నా వైపు చూసి, ఆ డ్రమ్ము బట్టలకు, ఇది గిన్నెలకు, ఆ మూత ఉన్నది తాగడానికి అని వేలితో చూపించింది. మూత మీద ఉతికి ఆరేసిన తువ్వాలు, దాని మీద నున్నటి రాయి. వారం మొత్తం మీద ఒక రోజు కూలి నీళ్ళకే పోతుందని ఆమె కూతురు చెప్పింది. మరుసటి ప్రయాణంలో కొత్త గోడలేమీ కట్టలేదు. 1,100 లీటర్ల నల్ల ట్యాంకు, దాని కింద సిమెంటు దిమ్మె, బయట పొయ్యి మీదికి రేకుల పంచ. అంతే. ఖర్చు ఇంటికి అయినదానిలో చిన్న వంతు. ఆమె మొహంలో వెలుగు ఆ రోజు చూశాను. ఇంటి తాళాలు ఇచ్చిన రోజు ఆమె మర్యాదకు నవ్విందని అప్పుడు అర్థమైంది.

కాబట్టి మీ మొదటి సందేహానికి నా జవాబు: ఎవరు ఎంపిక చేస్తున్నారు, ఎవరిని అడిగి చేస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ బృందం నాయకుణ్ణి నిలదీసి అడగండి. కుటుంబాల జాబితా అక్కడి మనుషులు రాస్తున్నారా, ఇక్కడ ఆఫీసులో కూర్చున్నవాళ్ళా? వెళ్ళేది ఏటా అదే కాలనీకేనా, ఏడాదికొక చోటికా? స్థలం ఆ కుటుంబం పేరు మీద ఉందా? ఈ మూడోది చాలా ముఖ్యం. చాలామంది కూలీలు స్థలాన్ని వాయిదాల మీద కొంటారు, కాగితాలు సరిగా ఉండవు. మనం ఇల్లు కట్టాక స్థలం విలువ పెరిగి, అమ్మినవాడు అడ్డం తిరిగితే ఆ కుటుంబం వీధిన పడుతుంది. ఒకచోట అలా జరగడం కళ్ళారా చూశాను.

"ప్రయాణం ఖర్చు, హోటలు ఖర్చు అక్కడికే పంపేస్తే పోదా" అని మా మరిది ప్రతిసారీ అంటాడు. సగం నిజం. అందుకే ఇప్పుడు మా బృందంలో తాపీ పని అక్కడి మేస్త్రులదే. వాళ్ళకు కూలి ఇస్తాం. మేము మాలు కలుపుతాం, తట్టలు మోస్తాం. సాఫ్ట్‌వేర్ మనిషి కట్టిన గోడ ఎలా ఉంటుందో మావారు 2014లో ఒకటి కట్టి నిరూపించారు, దాన్ని తర్వాత పడగొట్టి మళ్ళీ కట్టారు. ఒహాకా ఊళ్ళలో తేకియో అనే పద్ధతి ఉంది. బడి, రోడ్డు, కాలువ, ఏ పనైనా ఊరంతా ఇంటికొకరు చొప్పున కూలి లేకుండా చేయాలి. వలస వచ్చినా ఆ అలవాటు వాళ్ళు వదలలేదు. మేము ఇల్లు కడుతుంటే ఇరుగుపొరుగు పారలు పట్టుకుని తమంత తామే వచ్చేస్తారు. వాళ్ళను "లబ్ధిదారులు" అనుకుని పక్కన కూర్చోబెట్టి ఫొటో తీస్తే వాళ్ళకు అవమానం.

మతం సంగతి మీరు అడగలేదు, కానీ మీ ప్రశ్న కింద ఒకరు "రొట్టె చూపించి మతం మార్చడమే కదా" అని రాశారు. మంచి ప్రశ్నే, కోపం తెచ్చుకోను. మెక్సికోలో 2020 జనగణన ప్రకారం నూటికి 78 మంది దాకా కాథలిక్కులు. ప్రొటెస్టెంట్లు, ఎవాంజెలికల్స్ కలిపి 11 మంది. ఒక డిసెంబరులో మాకు చూపించిన గుడిసెలో గ్వాదలూపే మాత (మెక్సికో కాథలిక్కులు కొలిచే మరియమ్మ) పటం, చుట్టూ కాగితం పూలు, మిణుకుమిణుకుమనే లైట్లు ఉన్నాయి. మా బృందంలో ఒక యువకుడు "వీళ్ళు మన చర్చివాళ్ళు కారు కదా" అన్నాడు. అక్కడి పాస్టరు మిష్‌తెక్ మనిషి, ఆయనా చిన్నప్పుడు టమాటాలు కోసినవాడే. తన నోటుపుస్తకం తెరిచి చూపించాడు. కుటుంబం పేరు, ఎంతమంది పిల్లలు, పైకప్పు ఉందా లేదా. "చర్చికి సంబంధించిన గడి ఇందులో లేదు బ్రదర్" అన్నాడు. ఇల్లు కట్టాం. పటం కొత్త గోడకు ఎక్కింది, మేకు కొట్టింది ఆ యువకుడే.

ఈ విషయంలో నాకు పట్టింపు ఉండడానికి ఇంటి కారణం ఒకటుంది. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు, గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతయ్య గారి తాత ఆ కాలువ మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. సాయం అందుకున్న ఇంటి పిల్లను నేను. తట్ట మోయించి కూలి ఇచ్చాడన్న మాట మా నాయనమ్మ నోట ఎంత గర్వంగా వచ్చేదో విన్నాను. ఊరికే ఇచ్చి ఉంటే ఆ కథ మా దాకా వచ్చేది కాదేమో.

పాపను తప్పకుండా తీసుకెళ్ళండి. కానీ "పేదలను చూసి నేర్చుకో" అని మాత్రం అనకండి. ఆడుకోనివ్వండి. మా పాప ఆరేళ్ళప్పుడు వెళ్ళి, వాళ్ళ పిల్లలతో గోళీలాట ఆడి ఓడిపోయి వచ్చింది. పదేళ్ళొచ్చాక ఒకరోజు దుకాణంలో స్ట్రాబెర్రీ డబ్బా తిప్పి చూసి, ఇవి వాళ్ళమ్మ కోసినవా అని అడిగింది. దానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. 2015 మార్చి 17న శాన్ కింతీన్‌లో వేలమంది కూలీలు తోటలు వదిలి, మెరుగైన కూలి కోసం రహదారిని దిగ్బంధించారు. ఆ ఈస్టరుకు రావద్దని పాస్టరు గారు ఫోను చేశారు. మా చర్చిలో కొందరు "అయ్యో, మన ప్రయాణం పోయింది" అని బాధపడ్డారు. 2019 జనవరి నుంచి సరిహద్దు మండలంలో కనీస వేతనాన్ని ప్రభుత్వం రెట్టింపు చేసి రోజుకు 176.72 పెసోలుగా నిర్ణయించింది. మేము పదేళ్ళలో కట్టిన ఇళ్ళన్నీ కలిపినా అంతమంది జీవితాల్లో అంత మార్పు తేలేవు. ఇది తెలిసే వెళ్తున్నాం.

ఇక ప్రయాణం. మీ పాస్‌పోర్టు భారతదేశానిదైతే, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు ఉంటే మెక్సికోకు విడిగా వీసా అవసరం లేదు. వీసా స్టాంపింగ్ గడువు తీరినవాళ్ళు, గ్రీన్‌కార్డు దరఖాస్తు మధ్యలో ఉన్నవాళ్ళు న్యాయవాదిని అడగకుండా సరిహద్దు దాటకండి. సేవకు వెళ్ళి వెనక్కి రాలేక ఇరుక్కుంటే మీకు సేవ చేయడానికి ఇంకో బృందం రావాలి. ఇక్కడి కారు బీమా అక్కడ చెల్లదు, మెక్సికో బీమా విడిగా కొనాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే వెళ్తుంటే రెండోవారి అనుమతి పత్రం నోటరీ చేయించి పెట్టుకోండి. మందులు మీకు మీరుగా పంచకండి. మా వైద్య శిబిరంలో నా ప్రశ్న ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కు, అక్కడి నుంచి మిష్‌తెక్‌కు వెళ్ళి, జవాబు అదే దారిలో తిరిగి వచ్చేసరికి కడుపునొప్పి కాస్తా కాలినొప్పి అయిన సందర్భాలున్నాయి.

ఆ నీళ్ళ డ్రమ్ముల ఆమె గెరేరో మనిషి. మూడేళ్ళ క్రితం మనవరాలి బాప్తిస్మానికి నన్ను మాద్రినాగా, అంటే ధర్మతల్లిగా, నిలబెట్టింది, అప్పటి నుంచి మేమిద్దరం కొమాద్రేలం, అంటే చుట్టాలం. ఒకసారి ఎర్రటి హమైకా పానీయం ఇచ్చింది. తాగితే పులుపు ఎక్కడో తెలిసినట్టుంది. ఎండబెట్టిన ఎర్ర తొడుగులు తెచ్చి చూపిస్తే తెలిసింది, అవి గోంగూర కాయ మీదివి! వాళ్ళ ఊళ్ళో చేలకు చేలు వేస్తారట. ఆకులేం చేస్తారంటే మేకలకు వేస్తామంది. తర్వాతి ప్రయాణంలో గోంగూర పచ్చడి సీసా తీసుకెళ్ళి, వేడి రొట్టెలో పెట్టి ఇచ్చాను. నమిలి, కళ్ళు పెద్దవి చేసి, ఇన్నేళ్ళూ మేకలే బాగుపడ్డాయంది.

ఈ డిసెంబరు జాబితా నిన్న ఫోనులో చెప్పింది: ట్యాంకు కుళాయికి వాషరు, తలుపుకు గడియ, మనవరాలికి బడి బూట్లు, నంబరుతో సహా. చివర్లో పచ్చడి, ఈసారి రెండు సీసాలు.