అమ్మాయి వాలీబాల్ కోచ్ అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మేం ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఒక చిన్న డివిజన్ త్రీ (కాలేజీ ఆటల మూడు స్థాయుల్లో కింది స్థాయి) కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కాలేజీ వాలీబాల్ జట్టులో లిబెరో, అంటే వెనక వరసలో డిఫెన్స్ ఆడే మనిషి. చదువయ్యాక సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళనని, ఎప్పటికైనా కాలేజీ జట్టుకు హెడ్ కోచ్ అవుతానని అంటోంది. ఈ వేసవికి మంచి ఇంటర్న్‌షిప్ వస్తే, అది వదిలేసి వాలీబాల్ క్యాంపుల్లో పనిచేస్తానని పట్టుబట్టింది. మా ఆవిడకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ లైన్లో జీతం ఎంత ఉంటుంది? హెడ్ కోచ్ కావడానికి ఎన్నేళ్ళు పడుతుంది? మమ్మల్ని ఏం చేయమంటారు?

జవాబు: ముందు జీతం సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీ చెవికెక్కదు. అమెరికా కార్మిక శాఖ 2024 లెక్కల ప్రకారం అన్ని ఆటల కోచ్‌లు, స్కౌట్‌లను కలిపి చూస్తే, మధ్యలో నిలిచే మనిషి ఏడాదికి సంపాదించేది దాదాపు 46 వేల డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. బిగ్ టెన్, ఎస్.ఇ.సి. లాంటి పెద్ద కాన్ఫరెన్సుల్లో (యూనివర్సిటీల లీగుల్లో) హెడ్ కోచ్‌లు లక్షల్లో తీసుకుంటారు, నిజమే. కానీ ఆ కుర్చీలు చాలా తక్కువ. ఒకసారి ఖాళీ అయితే మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతాయో ఎవరూ చెప్పలేరు. పెన్ స్టేట్ యూనివర్సిటీలో రస్ రోజ్ 1979లో కూర్చున్నారు, 2021 సీజన్ తర్వాత లేచారు. మధ్యలో ఏడు జాతీయ టైటిళ్ళు గెలిచారు. నెబ్రాస్కా యూనివర్సిటీలో జాన్ కుక్ 2000 నుంచి 2024 సీజన్ దాకా ఉన్నారు. కాబట్టి మీ అమ్మాయికి మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో వచ్చే జీతం, కోచింగ్‌లో పదేళ్ళ తర్వాత కూడా రాకపోవచ్చు. ఇది గుండె దిటవు చేసుకుని వినాల్సిన మాట. మీరే కాదు, అమ్మాయి కూడా.

ఇక పని. మీరు గ్యాలరీలో కూర్చుని చూసిన కోచ్, టైమౌట్‌లో చిన్న బోర్డు మీద గీతలు గీసే మనిషి. అది ఆ ఉద్యోగంలో చాలా చిన్న ముక్క. ఆటగాళ్ళతో సాధన చేయించడానికి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్.సి.ఎ.ఎ. హద్దులు పెట్టింది. అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో సీజన్ ఉన్నప్పుడు వారానికి 20 గంటలు, సీజన్ లేనప్పుడు 8. కోచ్‌కు మాత్రం అలాంటి హద్దేమీ లేదు. మిగతా గంటలన్నీ వీడియోలు చూడటానికి, ప్రయాణాలకు, ఇ-మెయిళ్ళకు, అన్నిటికంటే ఎక్కువగా రిక్రూటింగ్‌కు పోతాయి.

ఈ రిక్రూటింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగంలో నిలిచేదీ పోయేదీ అక్కడే. జనవరి నుంచి జులై దాకా దేశమంతా, స్కూలు పిల్లలు ఆడే ప్రైవేటు క్లబ్బుల టోర్నమెంట్లు జరుగుతాయి. ఒక పెద్ద కన్వెన్షన్ సెంటర్లో పదుల కోర్టులు, అన్నిట్లో ఒకేసారి ఆటలు, విజిళ్ళ మోత. కోచ్ అక్కడ నోట్‌బుక్ పట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడాలి. చూడాల్సింది పదిహేను, పదహారేళ్ళ పిల్లల్ని. ఎంత ఎత్తుకు ఎగురుతోందన్నది ఎవరికైనా కనిపిస్తుంది. తప్పు పాస్ ఇచ్చాక ఆ పిల్ల ముఖం ఎలా ఉంది, పక్కదాన్ని నిందిస్తోందా, బెంచి మీద కూర్చోబెడితే ఏం చేస్తోంది, ఇవి చూసేవాళ్ళే మంచి రిక్రూటర్లు. డివిజన్ వన్‌లో అయితే పదో తరగతి పూర్తయ్యాక జూన్ 15 నుంచే అమ్మాయిలతో నేరుగా మాట్లాడటానికి అనుమతి. ఆ రోజు కోచ్‌ల ఇళ్ళలో పెళ్ళి పనులంత హడావుడి.

డివిజన్ త్రీలో ఇంకో రకం కష్టం. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. చేతిలో ఇచ్చేందుకు ఏమీ పెట్టుకోకుండా, ఒక అమ్మాయినీ వాళ్ళ అమ్మానాన్ననీ కూర్చోబెట్టి, మా కాలేజీకి రండి, ఫీజు కట్టండి, నాలుగేళ్ళు ఆడండి అని ఒప్పించాలి. మూడేళ్ళ కిందట మిమ్మల్ని ఒప్పించింది కూడా ఒక కోచే కదా. ఆ రోజు ఆమె ఏం మాట్లాడిందో గుర్తు చేసుకోండి. మీ అమ్మాయి చేయబోయే ఉద్యోగం అదే.

గత కొన్నేళ్ళలో ఇది ఇంకా బరువెక్కింది. ఒకప్పుడు చేరిన పిల్ల నాలుగేళ్ళు ఉండేది. 2018లో, వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, ఆ తర్వాత నిబంధనలు బాగా సడలాయి, ఇప్పుడు సీజన్ అయిన వెంటనే ఎవరు వెళ్ళిపోతారో తెలియదు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి, ఒక కోర్టు కేసులో కుదిరిన ఒప్పందం ప్రకారం, అందులో చేరిన డివిజన్ వన్ యూనివర్సిటీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. అలా చేరిన చోట మహిళల వాలీబాల్‌కు పాత 12 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో 18 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కే పోతుంది, అది వేరే సంగతి. తేలిందేమిటంటే, డివిజన్ వన్ హెడ్ కోచ్ ఇప్పుడు బయటి పిల్లల్ని తెచ్చుకోవడంతో పాటు, ఉన్న పిల్లల్ని కూడా ఏటేటా మళ్ళీ ఒప్పించుకోవాలి.

దారి ఎలా ఉంటుందంటారా? డిగ్రీ తప్పనిసరి, ఏ సబ్జెక్టు అయినా ఫరవాలేదు. మాస్టర్స్ ఉంటే మంచిదని చాలా కాలేజీలు అడుగుతాయి. దానికి మామూలు మార్గం గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. ఫీజు పూర్తిగానో కొంతో మాఫీ చేసి, నెలకు కొద్దిగా చేతికిస్తారు, బదులుగా జట్టుకు పనిచేయాలి. బంతులు మోయడం నుంచి హోటల్ గదులు బుక్ చేయడం దాకా అన్నీ చేయాలి. రెండేళ్ళు అలా గడిపాక అసిస్టెంట్ కోచ్. ఇక్కడే చాలామంది అలిసిపోయి తప్పుకుంటారు. అసిస్టెంట్ ఉద్యోగం గాలిలో దీపం. ఒప్పందం చాలాసార్లు ఏడాదికే. హెడ్ కోచ్‌ను తీసేస్తే కొత్తగా వచ్చినవాళ్ళు తమ మనుషుల్ని తెచ్చుకుంటారు, మీ అమ్మాయి తప్పేమీ లేకపోయినా పెట్టేబేడా సర్దుకోవాలి. ఒహాయో నుంచి ఇడాహోకు, అక్కణ్ణుంచి జార్జియాకు. పెళ్ళి, పిల్లలు, ఇల్లు కొనడం, అన్నీ ఈ తిరుగుళ్ళ మధ్యలోనే కుదరాలి.

హెడ్ కోచ్ ఎన్నేళ్ళకు అని అడిగారు. డివిజన్ త్రీలో, చిన్న కాలేజీల వేరే సంఘమైన ఎన్.ఎ.ఐ.ఎ.లో, రెండేళ్ళ జూనియర్ కాలేజీల్లో ముప్ఫై లోపే అయినవాళ్ళు ఉన్నారు. డివిజన్ వన్ అంటే పదేళ్ళు అనుకోండి, అదృష్టం ఉంటే. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. పెద్ద యూనివర్సిటీ లోగో ఉన్న టీషర్ట్ వేసుకుని మూడో అసిస్టెంట్‌గా ఆరేళ్ళు ఉండటం కన్నా, చిన్న కాలేజీలో హెడ్ కోచ్‌గా మూడేళ్ళు ఉంటే ఎక్కువ నేర్చుకుంటుంది. అక్కడ బడ్జెట్ ఆమే వేయాలి, అమ్మానాన్నల ఫోన్లు ఆమే ఎత్తాలి, ఓడిన రాత్రి బస్సులో మాట్లాడాల్సింది కూడా ఆమే. కొన్నిచోట్ల దీనికి తోడు వ్యాయామం క్లాసులు చెప్పమంటారు, జిమ్ నిర్వహణ చూడమంటారు. అదీ చేయాల్సిందే.

అయితే ఈ నిచ్చెన ఎప్పుడూ పైకే ఉండదు. కేటీ షూమాకర్ కాలీ ఉదాహరణ చూడండి. ఆమె పెన్ స్టేట్‌లో ఆడి 1999 టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నారు. తర్వాత షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి, ఆపైన పెన్ యూనివర్సిటీలో (ఇది పెన్ స్టేట్ కాదు, వేరే) హెడ్ కోచ్‌గా చేశారు. 2018లో ఆ హోదా వదిలి, పెన్ స్టేట్‌లో తన పాత గురువు కింద అసిస్టెంట్‌గా చేరారు. మన ఇళ్ళలో అయితే, హెడ్‌గా ఉన్నదానివి మళ్ళీ అసిస్టెంటేమిటే అని గొడవ చేసేవాళ్ళం. రస్ రోజ్ తప్పుకున్నాక 2022లో ఆ జట్టు ఆమె చేతికి వచ్చింది. 2024 డిసెంబర్‌లో, ఆ సీజన్ మధ్యలో బయటపడిన రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూనే, జాతీయ టైటిల్ గెలిపించారు.

మహిళల వాలీబాల్‌కు ఎన్.సి.ఎ.ఎ. టైటిల్ పోటీలు మొదలైంది 1981లో. డివిజన్ వన్‌లో దాన్ని గెలిచిన మొట్టమొదటి మహిళా హెడ్ కోచ్ ఈవిడే, 2024లో. ఆడపిల్లల ఆటలో ఒక ఆడమనిషి ఆ కప్పు ఎత్తడానికి నలభై మూడేళ్ళు పట్టింది! చదువుల్లో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చేనాటికి మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళా కోచ్‌లే ఉండేవారు. చట్టం వల్ల ఆ ఉద్యోగాల్లో డబ్బూ గౌరవమూ పెరిగాక మగవాళ్ళు బాగా వచ్చి చేరారు. మీ అమ్మాయికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. గాలి మారుతోందన్నదీ నిజమే. ఆ ఫైనల్లో ఓడిన లూయివిల్ కోచ్ డానీ బస్‌బూమ్ కెల్లీ కూడా మహిళే. నెల దాటిన కొద్ది రోజులకే, తాను ఒకప్పుడు ఆడిన నెబ్రాస్కాకు, జాన్ కుక్ స్థానంలో హెడ్ కోచ్‌గా వెళ్ళారు. నెబ్రాస్కా అంటే మామూలు చోటు కాదు. 2023 ఆగస్టు 30న అక్కడి ఫుట్‌బాల్ స్టేడియంలో కోర్టు వేసి వాలీబాల్ ఆడితే 92,003 మంది వచ్చారు. మీ ఆవిడకు ఈ అంకె చెప్పండి. ఈ ఆట ఎవరు చూస్తారని ఆవిడ అనుకుంటూ ఉండొచ్చు.

మీ అమ్మాయికి అనుకూలంగా రెండు విషయాలు కనిపిస్తున్నాయి. ఒకటి, ఆమె లిబెరో. లిబెరో స్పైక్ కొట్టి పేరు తెచ్చుకునే మనిషి కాదు. వెనక వరసలో ఉండి కోర్టంతా చదవాలి, సర్వ్ ఎటు వస్తుందో కనిపెట్టాలి, ముందున్నవాళ్ళకు అరిచి చెప్పాలి. ఆ అలవాటు కోచ్‌కు పెట్టుబడి. డానీ బస్‌బూమ్ కెల్లీ కూడా 2006లో నెబ్రాస్కా టైటిల్ గెలిచినప్పుడు లిబెరోగానే ఆడారు.

రెండోది కంప్యూటర్ సైన్స్. ఇప్పుడు ప్రతి పెద్ద జట్టూ డేటావాలీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో టచ్‌ను కోడ్ చేసి పెట్టుకుంటుంది. ఎదుటి జట్టులో స్పైక్‌కు బంతి అందించే సెట్టర్ నాలుగో రొటేషన్‌లో (ఆటగాళ్ళు కోర్టులో చోట్లు మారే ఆరు అమరికల్లో నాలుగోదానిలో), పాస్ బాగా వచ్చినప్పుడు బంతిని ఎవరికి ఇస్తోంది, పాస్ చెడితే ఎవరికి ఇస్తోంది? ఇలాంటి ప్రశ్నలకు జవాబు రాత్రికి రాత్రే తేల్చి, మర్నాడు పొద్దున ఆటగాళ్ళకు అర్థమయ్యేలా ఒక్క పేజీలో పెట్టాలి. వాలీబాల్ ఆడినవాళ్ళు చాలామంది దొరుకుతారు, కోడ్ రాయగలిగినవాళ్ళూ దొరుకుతారు. రెండూ తెలిసినవాళ్ళు తక్కువ. మొదటి ఉద్యోగం ఆమెకు ఈ తలుపులోంచి దొరికే అవకాశం ఎక్కువ. అందుకే మేజర్ మార్చుకుంటానంటే మాత్రం గట్టిగా వద్దనండి.

ఇక ఈ వేసవి తగాదా. నేనైతే ఇంటర్న్‌షిప్ చేయమంటాను. ఇది మీ పక్షాన చెప్పడం లేదు. క్యాంపులంటే మూడు నాలుగు రోజుల పని, చిన్న పిల్లలతో సరదాగా గడిచిపోతుంది, కోచింగ్ జీవితం ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. తెలియాలంటే ఒక క్లబ్ జట్టును పట్టుకోవాలి. శరదృతువులో ఆమె చివరి కాలేజీ సీజన్ అయిపోతుంది. జనవరిలో దగ్గర్లోని ఏదైనా క్లబ్‌లో పద్నాలుగేళ్ళ పిల్లల జట్టుకు అసిస్టెంట్‌గా చేరొచ్చు. అందుకు బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లలపై వేధింపులను అడ్డుకునేందుకు ఇచ్చే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ పూర్తి చేయాలి, పెద్ద శ్రమేమీ కాదు. వారంలో రెండు మూడు సాయంత్రాలు, శని ఆదివారాలు టోర్నమెంట్లు. తమ కూతుర్ని ఎందుకు ఆడించలేదని పార్కింగ్ లాట్‌లో నిలదీసే తండ్రులు అక్కడ దొరుకుతారు. ఏప్రిల్ నాటికి కూడా ఆదివారం పొద్దున అయిదు గంటలకు తనంతట తానే లేచి వెళ్తోందంటే, మీరు ఆపినా ఆగదు. ఫిబ్రవరికే విసుగొస్తే ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేసి ఉంటుంది.

వేసవిలో సాయంత్రాలు ఖాళీ ఉంటుంది కాబట్టి, తన జట్టు ఆడిన మ్యాచ్ వీడియోలే తీసుకుని, ఒక్కో రొటేషన్‌లో ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి అన్నది లెక్కగట్టి తన కోచ్‌కు చూపించమనండి. రేపు సిఫార్సు ఉత్తరం రాయాల్సింది ఆ కోచే. ఈ రంగంలో ఉద్యోగాలు చాలామటుకు ఎవరో ఒకరు ఫోన్ చేసి, మంచి పిల్ల, తీసుకోండి అంటే వచ్చేవే.

మీరు చేయాల్సిన ఖర్చు ఒకటుంది. వాలీబాల్ కోచ్‌ల సంఘం, ఎ.వి.సి.ఎ., ఏటా డిసెంబర్‌లో జాతీయ ఫైనల్స్ జరిగే ఊళ్ళోనే సమావేశం పెడుతుంది. దేశం నలుమూలల నుంచి కోచ్‌లు వస్తారు, అసిస్టెంట్ల వేట అక్కడే మొదలవుతుంది. చివరి సీజన్ అయ్యాక అమ్మాయిని అక్కడికి పంపండి. వీలైతే మీరిద్దరూ కూడా వెళ్ళండి. పగలు ఆమె తిరగాల్సిన చోట్ల ఆమెను తిరగనిచ్చి, సాయంత్రం ముగ్గురూ కలిసి ఫైనల్ చూడండి. ఆ మూడు గంటలూ ఆమె కళ్ళు బంతి మీద ఉంటాయో బెంచి మీద ఉంటాయో మీ ఆవిడను గమనించమనండి.